మోంఢాకు బండి కట్టే ముందు

పంట అమ్మకాల మీద మీరు అడిగేవాటికి ఇక్కడ జవాబులు రాస్తుంటాను, ఈ నెల పందొమ్మిది ఉత్తరాలు వచ్చాయి. అందులో ఆరు తెలుగువే, కానీ రాసింది మరాఠీ అక్షరాల్లో. అందుకు క్షమించమని ఒకాయన నాలుగు వాక్యాలు రాశారు. క్షమించేదేముంది, నా కూతురు నాకు మెసేజ్ పెట్టేదీ అట్లాగే. బడి మరాఠీది, ఇల్లు తెలుగుది. మీకు ఏ అక్షరం చేతికొస్తే దాంట్లో రాయండి, నేను చదువుకుంటాను.

కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక్క మాట. నేను మహారాష్ట్ర నాందేడ్ జిల్లా ధర్మాబాద్ మోంఢాలో, అంటే పంటలు అమ్మే మార్కెట్లో, ఒక అడ్తి (కమీషన్ వ్యాపారి) దుకాణంలో నాలుగేళ్లు గుమాస్తాగా చేశాను. ఆ తర్వాత మా ఊరి సొసైటీకి ఇరవై ఆరేళ్లు సెక్రటరీని. గల్లాపెట్టె దగ్గరా కూర్చున్నాను, బస్తాల మీదా కూర్చున్నాను. ఇక ఉత్తరాలు చూద్దాం.

ప్రశ్న: నాకు ఇరవై రెండు క్వింటాళ్ల సోయా పండింది. ఆన్‌లైన్‌లో పేరు రాయించుకుని, మెసేజ్ వచ్చాక ట్రాక్టర్లో వేసుకుని సర్కారు కొనుగోలు కేంద్రానికి పోయాను. తేమ 16 ఉందని వాపస్ పంపారు. అదే సాయంత్రం మోంఢాలో క్వింటాలు 4,100కి అమ్మేశాను. నన్ను కేంద్రంవాళ్లు మోసం చేశారా, అడ్తివాడు మోసం చేశాడా?
– ఒక రైతు, బిలోలి తాలూకా

జవాబు: అన్నా, ఇద్దరూ చేయలేదు. మీరే తొందరపడ్డారు. కోపం తెచ్చుకోకుండా కింది లెక్క చదవండి.

మద్దతు ధరకు కొనే సోయాలో తేమ 12 శాతం దాటకూడదు. 2024 నవంబరులో వానలు చూసి కేంద్ర ప్రభుత్వం దాన్ని 15 దాకా సడలించింది, అది ఆ సీజను వరకే. ఆ సడలింపు ఎప్పటికీ ఉంటుందనుకుని పోయి వెనక్కి వచ్చినవాళ్లు మీ ఒక్కరే కాదు.

2025-26కి సోయా మద్దతు ధర 5,328 రూపాయలు. మీ క్వింటాల్లో 16 కిలోలు నీళ్లు, 84 కిలోలు అసలు గింజ. దాన్ని 12 శాతానికి ఆరబెడితే మొత్తం బరువు 95 కిలోల 400 గ్రాముల చిల్లర అవుతుంది. అంటే నాలుగున్నర కిలోలు గాలికి పోతాయి. ఆ మిగిలినదానికే మద్దతు ధర కడితే దాదాపు 5,085 రూపాయలు. మీకు వచ్చింది 4,100. క్వింటాలుకు తేడా 985, ఇరవై రెండు క్వింటాళ్లకు ఇరవై ఒక్క వేల పైచిలుకు. ఆరబెట్టే కూలీ, రెండోసారి ట్రాక్టరు కిరాయి తీసేసినా మీకు మిగిలేది తక్కువేం కాదు. "ఆరబెడితే బరువు తగ్గుతుంది, నష్టం" అని మోంఢాలో ఎవరో ఒకరు మీ చెవిలో వేసే ఉంటారు. తగ్గేది నాలుగున్నర కిలోలు, అంతే. ఈ లెక్క మాత్రం ఎవరూ చెప్పరు.

మీ ఉత్తరంలో నాకు అసలు కారణం కనిపించిన వాక్యం వేరే ఉంది. "ట్రాక్టరు గేటు దగ్గర నిలబడితే రోజుకు పన్నెండు వందలు అన్నాడు, ఏం చేయను" అని రాశారు. అక్కడే మీ ధర నిర్ణయమైపోయింది. సరుకంతా ట్రాక్టర్లోకి ఎక్కాక బేరం మన చేతిలో ఉండదు. నేను గుమాస్తాగా ఉన్నప్పుడు మా సేటు పొద్దున్నే గుమ్మంలో నిలబడి ట్రాక్టర్లు చూసేవాడు. ఏది సొంతం, ఏది కిరాయిది అని నన్ను అడిగేవాడు. గింజ సంగతి ఆ తర్వాతే.

కాబట్టి సరుకు కంటే ముందు శాంపిల్ పోవాలి. నాలుగు బస్తాల్లో పైనుంచి, నడిమి నుంచి, అడుగు నుంచి పిడికెడు పిడికెడు తీసి, కలిపి, కిలో గింజ ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి మోటార్ సైకిల్ మీద తీసుకుపోండి. మూతి కట్టకపోతే దారిలోనే తేమ మారుతుంది. కేంద్రంలో మీటరు మీద వేసి చూపించమని అడగండి. ఇంట్లో అయితే పంటి లెక్క ఉంది: గింజ కొరికితే నలిగి పంటికి అంటుకుంటే 15 పైనే, కటుక్కున రెండు ముక్కలైతే దగ్గరికి వచ్చినట్టు. మా ఊళ్లో ఒక ముసలాయన పంటితో చెప్పిన అంకె మీటరుతో ఒక్క పాయింటు తేడాలో ఉండేది. ఆయన పళ్లు ఊడిపోయాక అందరం కలిసి మీటరు కొన్నాం. తమాషాగా రాస్తున్నా నిజమే.

కేంద్రంలో బస్తాకు గుచ్చి శాంపిల్ తీసే ఇనుప గొట్టాన్ని ఇక్కడ పరఖీ అంటారు. అది ఎక్కడ గుచ్చుతున్నారో చూడండి. ట్రాక్టరు మూలల్లో రాత్రి మంచు పడిన బస్తాలో గుచ్చితే అంకె పెరుగుతుంది. "నడిమి బస్తాలో కూడా చూడు భావూ" అని మర్యాదగా అడిగితే చాలామంది కాదనరు.

పేరు రాయించడం గురించి కూడా చెప్పాలి, దీని మీద ఇంకో నాలుగు ఉత్తరాలున్నాయి. 2021 ఆగస్టు 15 నుంచి మహారాష్ట్రలో ఈ-పీక్ పహాణీ వచ్చింది. చేనులో నిలబడి ఫోన్లో మీ పంటను మీరే ఎక్కించాలి. అది ఎక్కకపోతే సాత్‌బారాలో, అంటే మీ భూమి రికార్డులో, సోయా ఉండదు, సాత్‌బారాలో లేకపోతే కేంద్రంలో పేరు ఎక్కదు. తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) దగ్గరికి పోయి తర్వాత సరిచేయించుకుందాంలే అనుకుంటారు, అప్పటికి కోత అయిపోయి చేనులో చూపించడానికి ఏమీ ఉండదు. ఇంకో సంగతి, మీరు ఎంత తెచ్చినా అంతా కొనరు. జిల్లాలో హెక్టారుకు ఎంత దిగుబడి అని ముందే లెక్క కట్టి ఉంటుంది, అంతవరకే. మిగిలింది మోంఢాకే. మంచి గింజ కేంద్రానికి, పురుగు తిన్నదీ పగిలిందీ మోంఢాకు అని ఇంట్లోనే వేరు చేసుకుని బయల్దేరండి.

ప్రశ్న: కందులు అమ్మిన పట్టీ (లెక్క చీటీ) పంపుతున్నాను. మరాఠీ గొలుసు రాత, నాకు అర్థం కాలేదు. చేతికొచ్చిన పైసలు తక్కువనిపిస్తోంది. చదివి చెప్పగలరా?
– డెబ్బై రెండేళ్ల రైతు, ధర్మాబాద్ తాలూకా

జవాబు: పెద్దాయనా, భూతద్దం పెట్టి చదివాను. పద్దెనిమిది ప్లాస్టిక్ బస్తాలు, భావ్, అంటే క్వింటాలు ధర, 6,600. ఆ కింద వరుసగా హమాలీ, తోలాయి, అంటే దించిన కూలీ, తూచిన కూలీ. ఆ తర్వాత "ఉచల్" అని పెద్ద అంకె ఉంది. ఉచల్ అంటే మీరు ముందు తీసుకున్న చేబదులు. జూన్‌లో విత్తనాలకు తీసుకున్నానని ఉత్తరంలో మీరే రాశారు, కాబట్టి అది సరే. దాని పక్కన వడ్డీ అని ఏమీ రాయలేదు. రాయలేదు కదా అని సంతోషించకండి, అది భావ్‌లోనే పోయి ఉంటుంది. ఆ రోజు మోంఢాలో కందుల పాట ఎంత దాకా పోయిందో పక్కవాళ్లను అడిగితే తెలిసిపోతుంది.

నాకు కళ్లల్లో పడింది మాత్రం పైన బరువు పక్కనున్న చిన్న అంకె. బారదానా, అంటే ఖాళీ సంచుల బరువు, 18 కిలోలు. ఒక్కో సంచికి కిలో చొప్పున తీసేశారు. అది పాతకాలం నూరు కిలోల గోనె సంచి లెక్క, గోనె నిజంగానే కిలో దాకా తూగేది. మీవి ప్లాస్టిక్ సంచులు. మా వీధి కిరాణా కొట్టు కాంటా మీద అట్లాంటి సంచి వేసి చూశాను, 120 గ్రాములు. పద్దెనిమిది సంచులకు రెండు కిలోల పైచిలుకు. అంటే దాదాపు పదహారు కిలోల కందులు సంచి బరువు పేరుతో పోయాయి. 6,600 లెక్కన వెయ్యి రూపాయల పైనే.

ఆ దుకాణం పేరు మీరు రాశారు, ఇక్కడ వేయడం లేదు. ఇది ఒక్క దుకాణం చేసే పని కూడా కాదు. నేనూ గుమాస్తాగా ఇదే అంకె కొన్ని వేలసార్లు రాశాను. రాసేటప్పుడు తప్పని ఒక్కరోజూ అనిపించలేదు, అదొక అలవాటు. ఈసారి పోయినప్పుడు ఖాళీ సంచి ఒకటి కాంటా మీద పెట్టమనండి. గొడవ పడనక్కరలేదు, నవ్వుతూనే పెట్టమనండి. ఎలక్ట్రానిక్ కాంటా అబద్ధం చెప్పదు. అప్పటికీ ఒప్పుకోకపోతే బాజార్ సమితి (మార్కెట్ కమిటీ) ఆఫీసులో పట్టీ చూపించి రాతపూర్వకంగా ఇవ్వండి. పట్టీ లేకుండా నోటిమాటగా పోతే వినరు.

ప్రశ్న: సరుకు ఆపుకోండి, ఆగండి అని మీరు ప్రతిసారీ రాస్తారు. ఆగితే పిల్లవాడి ఫీజు ఎవరు కడతారు?
– ఒక పాఠకుడు, దెగ్లూర్

జవాబు: మంచి దెబ్బ కొట్టారు. ఆగమని చెప్పడం జీతం తీసుకున్నవాడికి సులువు, ఒప్పుకుంటాను.

అందుకే తారణ్ కర్జు, అంటే సరుకు తాకట్టు మీద అప్పు, గురించి రాస్తున్నాను. మహారాష్ట్ర వ్యవసాయ మార్కెటింగ్ బోర్డు బాజార్ సమితుల ద్వారా 1990-91 నుంచి నడుపుతున్న పథకం ఇది. మన జిల్లాలో సోయా వేసేవాళ్లలోనే దీని పేరు వినని వాళ్లు చాలామంది. మీ సరుకు సమితి గోదాములో పెడతారు. ఆ రోజు బజారు ధర, మద్దతు ధర – రెండింటిలో ఏది తక్కువో దాని మీద 75 శాతం వరకు అప్పు ఇస్తారు. వడ్డీ ఏడాదికి 6 శాతం, గడువు 180 రోజులు. సోయా, కందులు, పెసలు, మినుములు, శనగలు, పసుపు అన్నీ ఇందులోకి వస్తాయి. సరుకు రైతుది అయి ఉండాలి, వ్యాపారిది పెట్టుకోరు.

పైన బిలోలి అన్న సోయానే తీసుకుందాం. 22 క్వింటాళ్లు, 4,100 లెక్కన 90,200. అందులో 75 శాతం 67,650 రూపాయలు చేతికొస్తాయి. ఆరు నెలలు పూర్తిగా ఉంచినా వడ్డీ రెండు వేలు. అంటే క్వింటాలు మీద 91 రూపాయలు పెరిగితే వడ్డీ గట్టెక్కినట్టే. రవాణా, దింపుడు ఖర్చు వేరే వేసుకోండి. అడ్తివాడి దగ్గర నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే అవే 67,650కి ఆరు నెలలకు ఎనిమిది వేలు దాటుతుంది. గడువు దాటితే సమితి వడ్డీ కూడా పెరుగుతుంది, ఆ తారీఖు గోడ మీద రాసి పెట్టుకోండి.

ధర పెరుగుతుందని నేను హామీ ఇవ్వను. సోయా ధర మన తుఫాను మీద కాదు, బయటి దేశాల నూనె దిగుమతి మీదా, కోళ్ల దాణా మీదా ఆడుతుంది. మేలో తగ్గిన ఏళ్లూ ఉన్నాయి. నేను చెప్పేదల్లా, ఫీజు కోసం మొత్తం అమ్ముకోనక్కరలేదని. ఫీజుకెంత కావాలో అంత సరుకు అమ్మండి, మిగిలింది గోదాములో పెట్టండి. ఇంకో మాట, తేమ ఉన్న సరుకును గోదాంవాడు కూడా తీసుకోడు. ఎటు తిరిగినా కల్లంలో ఆరబోసే ఆ మూడు రోజుల దగ్గరికే వస్తాం. అన్ని సమితులూ ఈ పథకాన్ని ఒకేలా నడపవు, దసరాకి ముందే పోయి ఈ ఏడాది డబ్బు పెట్టారా అని అడగండి. సోయా వచ్చాక అడిగితే గోదాము నిండిందంటారు.

ప్రశ్న: మూడేళ్ల కింద 312 మందిమి కలిసి రైతు ఉత్పత్తిదారుల కంపెనీ పెట్టుకున్నాం. నేను డైరెక్టర్ని, వయసు 29. మీటింగులకు అందరూ వస్తారు, చాయ్ తాగుతారు. పంట రాగానే అడ్తివాడికే వేస్తారు. పోయినేడు కంపెనీకి వచ్చింది ముప్పై ఎనిమిది మంది సరుకే. మా వాళ్లకి ఐకమత్యం లేదు. మూసేయమంటారా?
– ఒక డైరెక్టర్, బిలోలి తాలూకా

జవాబు: తమ్ముడూ, ముప్పై ఎనిమిది మంది వచ్చారా! నేను సెక్రటరీగా మొదలుపెట్టిన ఏడు నాకు తొమ్మిది మంది వచ్చారు. మూసేయొద్దు. ఐకమత్యం లేదన్న మాట మాత్రం మళ్లీ అనొద్దు, వాళ్ల పెళ్లికీ చావుకీ ఊరంతా వస్తుందా లేదా?

రాత్రి పదకొండు గంటలకు భార్యకు నొప్పులొస్తే నీ కంపెనీ ఆఫీసు తెరిచి ఉంటుందా? అడ్తివాడి ఫోను మోగుతుంది, పదివేలు అప్పటికప్పుడు పంపుతాడు. కాగితం అడగడు. ఆ పదివేలకు బదులు పంట అడుగుతాడు. మీ సభ్యులు అతనికి సరుకు అమ్మడం లేదు, బాకీ తీరుస్తున్నారు. దీన్ని తిట్టుకుని లాభం లేదు.

ముందు చట్టం సంగతి రెండు ముక్కల్లో. సహకార సంఘాల్లో సర్కారు జోక్యం ఎక్కువైందనీ, రైతులకు తమదే అయిన కంపెనీ ఉండాలనీ వై.కె. అలఘ్ కమిటీ చెబితే 2002లో కంపెనీల చట్టాన్ని సవరించారు. పదిమంది ఉత్పత్తిదారులుంటే చాలు. డైరెక్టర్లు ఐదు నుంచి పదిహేను మంది. ఎన్ని షేర్లున్నా మనిషికి ఒక్క ఓటే. లాభం పంచేది షేరును బట్టి కాదు, ఎవరు ఎంత సరుకు ఇచ్చారన్న లెక్కను బట్టి బోనస్. మీ సభ్యుల్లో ఈ చివరి వాక్యం ఎంతమందికి తెలుసో అడిగి చూడు. వెయ్యి రూపాయల షేరు కొన్నాం, లాభం వచ్చిందా అని చూస్తుంటారు. సరుకు ఇవ్వనివాడికి బోనస్ రాదని ఎవరూ చెప్పి ఉండరు.

2020లో వచ్చిన పదివేల ఎఫ్‌పీవోల (రైతు ఉత్పత్తిదారుల సంఘాల) పథకం కింద మీ కంపెనీ ఉంటే, నడుపుకోవడానికి మూడేళ్లలో 18 లక్షల దాకా ఇస్తారు. సభ్యుడు ఎంత షేరు పెడితే అంత సర్కారు కలుపుతుంది, మనిషికి రెండు వేల వరకు, కంపెనీ మొత్తానికి 15 లక్షల వరకు. మీరు వెయ్యి చొప్పున వసూలు చేశారు, అంటే మూడు లక్షల పన్నెండు వేలు. వాటికి అంతే కలుస్తుంది. రెండు వేలు చేసి ఉంటే రెట్టింపు కలిసేది. ఆ గడువు ఇంకా ఉందేమో చూసుకో. మూడేళ్లయిందని రాశావు కాబట్టి సీఈవో జీతం ఇకనుంచి మీ వ్యాపారం నుంచే రావాలి. చాలా కంపెనీలకు బోర్డు మాత్రం మిగిలేది ఇక్కడే. ఏటా లెక్కలు దాఖలు చేయడం మరిచిపోతే ఒక్కో ఫారానికి రోజుకు వంద రూపాయల జరిమానా, వ్యాపారం లేకపోయినా అది నడుస్తూనే ఉంటుంది. సొసైటీలో అయితే ఆడిటరు మా ఇంటికి వచ్చి చాయ్ తాగి రాసుకుపోయేవాడు. కంపెనీకి ఆ సుఖం లేదు.

ఇప్పుడు నా సొంత గోడు. సొసైటీలో ఒక ఏడు నలభై ఒక్క మంది కందులు కలిపాం, 160 క్వింటాళ్లు. జిల్లా బయటి ఒక పప్పు మిల్లు మోంఢా కంటే క్వింటాలుకు రెండు వందలు ఎక్కువిస్తానంది. నా ఛాతీ ఉబ్బిపోయింది. రెండు లారీలు పంపాను. సగం పైసలు వచ్చాయి, సగం ఐదు నెలలకు. ఆ ఐదు నెలలూ నేను ఊళ్లో పొద్దుటి వేళ బయటికి రాలేదు. ఇద్దరికి మరీ అవసరమైతే ఇంట్లో పాడిగేదెను అమ్మి ఇచ్చాను. ఆ గేదె సంగతి మా ఆవిడ పండగ పండగకూ ఎత్తుతుంది, ఈ పండక్కీ ఎత్తింది. ఆ తర్వాత పైసలు బ్యాంకులో పడ్డ మెసేజ్ చూడకుండా నేను లారీ తాడు కట్టనివ్వలేదు. రెండు వందలు తక్కువైనా సరే. నువ్వూ అంతే చెయ్యి.

నీకు నా సలహా ఇది. 312 మందినీ వదిలెయ్యి, ఆ ముప్పై ఎనిమిది మందిని పట్టుకో. వాళ్ల పంటంతా అడక్కు. పది బస్తాలుంటే రెండు కంపెనీకి, ఎనిమిది వాళ్లిష్టం. ఆ రెండింటికి అక్కడికక్కడ, అదే సాయంత్రం, ధరలో ఎనభై శాతం ఇచ్చేయాలి. మిగతాది సరుకు అమ్ముడయ్యాక. ఆ ఎనభై శాతానికి పెట్టుబడి లేకపోతే కొనడం మొదలుపెట్టకు. షేరు డబ్బంతా ఆఫీసు కుర్చీలకు పోయి ఉంటే అది వేరే కథ, అయి ఉండదనుకుంటా.

ఇంకోటి, మొదలు జూన్‌లో పెట్టు, అక్టోబరులో కాదు. విత్తనాలు, ఎరువు అప్పు అడ్తివాడు ఇచ్చేది అప్పుడే. ఆ ముప్పై ఎనిమిది మందికి కంపెనీ నుంచి విత్తనం అప్పు ఇవ్వగలిగితే పంట తనంతట తానే వస్తుంది. ఒక జల్లెడ మిషను, ఒక కాంటా కూడా పెట్టు. సంచి బరువు 120 గ్రాములే అని తీసేసే కాంటా ఊళ్లో ఒకటి ఉందని తెలిస్తే, పైన ఉత్తరం రాసిన పెద్దాయన లాంటివాళ్లు అమ్మడానికి కాకపోయినా తూచుకోవడానికైనా వస్తారు. రానీ. మా సొసైటీకి జనం మొదట వచ్చింది అందుకే.

ప్రశ్న: సాత్‌బారా మా మామగారి పేరు మీద ఉంది. మా ఆయన హైదరాబాద్‌లో పని చేస్తాడు, చేను చూసేది నేనే. కంపెనీలో సభ్యత్వం అడిగితే భూమి లేదు కదా అన్నారు.
– ఒక చెల్లెలు, దెగ్లూర్ తాలూకా

జవాబు: అది వాళ్లు అనుకునేది, చట్టం అనేది కాదు. వ్యవసాయం గానీ, పాడి గానీ, కోళ్లు గానీ, ఉత్పత్తి పని చేసే ఎవరైనా ఉత్పత్తిదారులే. భూమి పట్టా ఉండాలని చట్టంలో లేదు. మీ కంపెనీ నియమావళిలో రాసుకుని ఉంటే మాత్రం చూపించమనండి. బర్రె ఒక్కటి ఉన్నా పాల ఉత్పత్తిదారుగా మీరు అర్హులే.

అయితే సర్కారు కేంద్రంలో అమ్మాలంటే సాత్‌బారా కావాలి, పైసలు మామగారి ఖాతాలోనే పడతాయి. దీనికి కంపెనీ ఏమీ చేయలేదు. 1990 ప్రాంతంలో రైతు నాయకుడు శరద్ జోషీ పెట్టిన శేత్కరీ సంఘటన అనే రైతు సంఘం ఊరూరా తిరిగి, భర్తలు భార్యల పేరిట భూమి రాయాలని లక్ష్మీముక్తి అని నడిపింది. మా తాలూకాలో సభకు నేనూ పోయాను. చప్పట్లు చాలా కొట్టారు, తలాఠీ దగ్గరికి పోయింది కొద్దిమందే. భర్త పేరిట ఉన్న సాత్‌బారాలో భార్య పేరు చేర్చడానికి తలాఠీ దగ్గర ఆ పేరుతోనే దరఖాస్తు ఇప్పటికీ ఉంది. మీ విషయంలో ముందు మామగారి నుంచి మీ ఆయనకు వాటప్ (భూమి పంపకం) జరగాలి. ఇంట్లో మాట ఎట్లా ఎత్తాలో మీకే తెలుస్తుంది, దాంట్లో నేను వేలు పెట్టను.

ప్రశ్న: పసుపు నిజామాబాద్ తీసుకుపోవాలా, వసమత్‌కా? అక్కడ పసుపు బోర్డు వచ్చింది కదా, మద్దతు ధర ఇస్తారా?
– ఒక రైతు, భోకర్ తాలూకా

జవాబు: బోర్డు 2025 జనవరి 14న మొదలైంది, ఆఫీసు నిజామాబాద్‌లోనే. కానీ బోర్డు పసుపు కొనే దుకాణం కాదు. పసుపుకు మద్దతు ధర లేదు. ఈ రెండు మాటలు బస్టాండులో ఎవరేం చెప్పినా మరవకండి.

నిజామాబాద్ మనకు పరాయి మార్కెట్టేం కాదు. 1956 నవంబరు 1 దాకా వాళ్లూ మనమూ హైదరాబాద్ రాష్ట్రమే, మా నాయన పసుపు అక్కడికే బండ్ల మీద పోయేది. మీ సొంత పంట అక్కడ అమ్ముకోవచ్చు, ఎవరూ ఆపరు. దేశంలో పసుపు వాయిదా వ్యాపారానికి నిజామాబాదే కేంద్రం కాబట్టి అక్కడి ధర ఫోన్లో రోజూ తెలుస్తుంది. వసమత్ ధర కూడా కనుక్కోండి. రెండింటికీ మధ్య క్వింటాలుకు ఐదారు వందల తేడా లేకపోతే దగ్గరున్నదానికే పోండి. అంత దూరం పోయాక ధర నచ్చకపోతే వెనక్కి తేలేరు.

ధర నిజంగా మారేది మీ కల్లంలో. కొమ్ము, గోళ (గుండ్రటి దుంప) కలిపి పోస్తే మొత్తానికి గోళ ధరే కడతారు, వేరు చేయండి. కొనేవాడు కుప్పలోంచి ఒక కొమ్ము తీసి చెవి దగ్గర పెట్టి విరుస్తాడు, చూశారా? బాగా ఎండిన కొమ్ము లోహం మోగినట్టు టంగుమంటుంది. ఎండనిది మెత్తగా వంగుతుంది, చప్పుడు రాదు. ఆ చప్పుడు విన్నాకే, వేళ్లతో గుట్టుగా ధర చెప్పడానికి అతని చేయి జేబురుమాలు కిందికి పోయేది పాత రోజుల్లో. ఇప్పుడు కంప్యూటర్లో వేస్తున్నారు, కానీ విరిచి వినడం మానలేదు. మీరు బండి ఎక్కించే ముందు పది కొమ్ములు విరిచి వినండి. మూడు మోగకపోతే ఇంకో నాలుగు రోజుల ఎండ కావాలి.

ప్రశ్న: మాకు రెండు ఎకరాలు ఇటు, మూడు ఎకరాలు ఆదిలాబాద్ వైపు. పత్తి అంతా ఒకే చోట సీసీఐకి (సర్కారు పత్తి కొనే సంస్థకు) అమ్మొచ్చా?
– ఒక పాఠకుడు, కిన్వట్

జవాబు: వద్దు. భూమి ఏ రాష్ట్రం రికార్డులో ఉందో ఆ వైపే పేరు రాయించండి. 2025-26 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదు పెట్టారు, అక్కడ భూమి కాగితం చూస్తారు. 2025-26కి పొడుగు పింజ పత్తి మద్దతు ధర 8,110. తేమ 8 శాతం వరకే పూర్తి ధర, ఆపైన ఒక్కో శాతానికి తగ్గిస్తూ పోతారు, 12 దాటితే కొనరు. పొద్దున మంచులో ఏరిన పత్తిని అదే రోజు తొక్కి బోరెల్లో నింపకండి. నేల రాలిన పత్తి వేరే బోరెలో పెట్టండి. ఇటు రెండెకరాల పత్తి కూడా అటు పేరు మీదే వేస్తే సరిపోతుందని మీ బావ అన్నాడని రాశారు. మీ బావకు తన ఆధార్ కార్డు తీసుకుని రమ్మని చెప్పండి, ఎవరి పేరు మీద పడుతుందో అప్పుడు తెలుస్తుంది.